రోజూ మంచి విషయాలు రాస్తున్నా దిగులు తగ్గడం లేదంటే

రోజూ మంచి విషయాలు డైరీలో రాస్తున్నా దిగులు తగ్గడం లేదంటూ మీ జాబితా పెట్టారు కదా. అందులో ఏం జరిగిందో రాస్తున్నారు, ఎందుకు జరిగిందో రాయడం లేదు. బహుశా లోపం అక్కడే. మీరు పెట్టిన జాబితాలో ‘మెట్రోలో సీటు దొరికింది, టీ బాగుంది’ అని మాత్రమే ఉంది. అమెరికన్ మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన ‘మూడు మంచి విషయాలు’ రాసే పద్ధతిలో కారణం రాయడమూ భాగమే. చాలామంది అదే వదిలేస్తారు, బద్ధకం మరి!

1. పడుకునే ముందు మూడు విషయాలు. చిన్నవైనా సరే.
2. ఒక్కోదాని పక్కన కారణం. ‘అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు తోపులాట లేదు, పావుగంట ముందే బయల్దేరాను కాబట్టి.’ అందులో మీరు చేసింది ఏమైనా ఉందేమో వెతకండి. ప్రతిదానికీ ‘అదృష్టం’ అని రాసేస్తే లాభం లేదండీ.
3. వారం చేసి చూడండి.

నిద్ర, ఆకలి రెండు వారాలుగా సరిగా లేకపోతే మాత్రం డైరీతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.