మందారం పూయట్లేదు, ఆంథూరియం తెల్లబడుతోంది: రెండిటికీ కారణం వెలుతురే

కడియం నర్సరీలో కొన్న మందారం అమలాపురంలో మీ వరండాలో ఏపుగా ఉన్నా మొగ్గ వేయట్లేదని, డాబా మీది ఆంథూరియం అనే పూలమొక్క ఆకులు తెల్లబడుతున్నాయని రాశారు కదండీ. ముందు మీరు వేస్తున్న ఎరువులు ఆపండి. కుండీలు రెండూ చోటు మారితే చాలు.

ఆకు వెలుతురుతో చక్కెర తయారు చేస్తుంది, అందులో కొంత శ్వాసకే ఖర్చవుతుంది. నీడలో సంపాదన ఖర్చుకి సరి, మొగ్గకి మిగలదు. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు 1,00,000 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం). వరండా లోపల అందులో చిన్న వంతే. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి అంత తేడా ఉందని అనిపించదు.

ఆంథూరియం పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి. అది వాడుకోగలిగినంత కంటే ఎక్కువ వెలుతురు పడితే పత్రహరితం దెబ్బతింటుంది. తెల్లబడ్డ ఆకు మళ్ళీ పచ్చబడదండీ, కొత్తాకు కోసం చూడండి.

మధ్యాహ్నం కుండీ మీద చెయ్యి పట్టండి. నీడ అంచు కత్తిరించినట్టు పడితే అది మందారం చోటు, మసగ్గా పడితే ఆంథూరియంది.

మందారాన్ని మాత్రం ఒక్కసారే ఎండలోకి తొయ్యకండి. నేను తొందరపడి ఆకులన్నీ మాడ్చుకున్నాను. వారం పది రోజులు ఉదయపు ఎండ, ఆ తర్వాత రోజుకి 6 గంటలు.