రెండేళ్లు దాటినా పది మాటలే.. మూడేళ్ల దాకా ఆగొచ్చా?

ప్రశ్న: మా బాబుకు రెండేళ్ల రెండు నెలలు. అమ్మ, తాత, బువ్వ, బౌబౌ.. ఇలా పది మాటల దాకా అంటాడు. రెండు మాటలు కలిపి చెప్పడు. మేం చెప్పేది అర్థం చేసుకుంటాడు, కావాల్సింది వేలు పెట్టి చూపిస్తాడు. తరచూ జలుబు చేస్తుంటుంది. ఫోన్ చూపిస్తే గానీ అన్నం తినడు. ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి, వస నాకించు, అన్నీ వస్తాయి’ అంటున్నారు అత్తయ్య. నాలుక మందమేమో, కింద నరం కోయించమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఇంట్లో తెలుగు, ఇంగ్లిష్ రెండూ మాట్లాడతాం. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
- ఓ తల్లి, ఖమ్మం

డాక్టర్ సలహా: ముందుగా మీ ఉత్తరంలో నాకు నచ్చిన విషయం చెబుతానమ్మా. బాబు మీ మాట అర్థం చేసుకుంటున్నాడు, వేలు పెట్టి చూపిస్తున్నాడు. మాటల లెక్క కంటే నేను ముందు అడిగేవి ఇవే. ఇంకో సంగతి గమనించండి. బిస్కెట్ కావాలని చూపించడం ఒకటి. ఆకాశంలో విమానం కనిపిస్తే ‘నువ్వూ చూడు’ అన్నట్టు వేలు చూపి, మీ ముఖంలోకి చూడడం ఇంకొకటి. ఆ రెండోది కూడా ఉండి, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తూ, మిమ్మల్ని ఆటలోకి లాగుతుంటే, మీరు రాయకపోయినా మనసులో ఉండే ఉంటుంది, ఆ ఆటిజం భయం చాలావరకు తగ్గించుకోవచ్చు. ఇంకాస్త స్పష్టత కోసం పిల్లల డాక్టర్ దగ్గర ఒక ప్రశ్నావళి ఉంటుంది. పదహారు నుంచి ముప్పై నెలల పిల్లలకు వాడతారు, అడిగి చేయించుకోండి.

అలాగని మూడేళ్ల దాకా ఆగమని నేను చెప్పను. రెండేళ్లు నిండేసరికి ‘తాత రా’, ‘పాలు కావాలి’ అని రెండు మాటలు కలపాలి. రెండున్నరేళ్లకు యాభై మాటల దాకా రావాలి. మీ బాబు ఈ లెక్కలో వెనకబడే ఉన్నాడు. అయితే ఒకసారి కూర్చుని మళ్లీ లెక్కపెట్టండి, చాలామంది తల్లులు తక్కువే చెబుతారు. కుక్కను చూసిన ప్రతిసారీ బౌబౌ అంటే అదీ మాటే. నీళ్లను ‘ఈయి’ అంటున్నా, ఎప్పుడూ నీళ్లకే అంటుంటే అదీ లెక్కే. తెలుగు మాటలు, ఇంగ్లిష్ మాటలు కలిపే లెక్కించాలి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, కాబట్టి అందులో ఏదీ మానక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చెవి పరీక్ష చేయించారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ‘గిన్నె పడితే ఉలిక్కిపడతాడు, టీవీలో పాట రాగానే పరిగెత్తుకొస్తాడు, చెవులు బాగానే ఉన్నాయి’ అంటారు చాలామంది. అది సరిపోదు. పెద్ద శబ్దాలు వినపడుతూనే స, శ, ఫ లాంటి సన్నని ధ్వనులు అందకపోవచ్చు. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరుతుంటుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, అందుకే ఎవరూ కనిపెట్టలేరు. చెవుల్లో వేళ్లు పెట్టుకుంటే మనకు ఎలా వినపడుతుందో, ఆ బిడ్డకు ప్రపంచమంతా అలా వినపడుతుంది. ఒక వారం బాగా, మరో వారం మసకగా. చాలామందికి ఆ నీరు మూడు నెలల్లోపు దానంతటదే పోతుంది. పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్ చూడాలి. రాత్రిళ్లు గురక పెడుతున్నా, నోటితో గాలి పీలుస్తున్నా ఆ సంగతి కూడా ఆయనకు చెప్పండి.

పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసయ్యాడన్నా సరే, ఇప్పుడు మళ్లీ చేయించండి. చెవిలో చిన్న గొట్టం లాంటిది పెట్టి చేసే ఓఏఈ అనే వినికిడి పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అవసరమైతే బెరా చేస్తారు, అది బిడ్డ నిద్రలో ఉండగా తలకు చిన్న తీగలు అంటించి చేసే పరీక్ష, నొప్పి ఉండదు. మధ్య చెవిలో నీరు ఉందో లేదో టింపనోమెట్రీ చెబుతుంది.

అత్తయ్యగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. ఇంట్లో ఒకరికి ఆలస్యంగా మాటలు వస్తే పిల్లలకూ అలా జరగొచ్చు. ఇలాంటి పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు కూడా. కానీ ఎవరు అందుకుంటారో, ఎవరు వెనకబడిపోతారో ఈ వయసులో ముందే చెప్పే మార్గం మా దగ్గర లేదు. వస విషయంలో మాత్రం నేను గట్టిగానే వద్దంటాను. దానివల్ల మాటలు వస్తాయని రుజువు లేదు, వాంతులు అయ్యే ప్రమాదం ఉంది. ఏడాది లోపు పిల్లలున్న ఇళ్లలో వసను తేనెతో రంగరించి నాకిస్తుంటారు, ఆ వయసులో తేనె అసలే పెట్టకూడదు. నాలుక కింద నరం బిగుసుకుని ఉంటే కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకకపోవచ్చు గానీ, మాటలే రాకుండా పోవు. కోయించవద్దు.

ఫోన్ గురించి నా సలహా మీకు నచ్చకపోవచ్చు. రెండేళ్ల లోపు అసలు వద్దని, ఆ తర్వాత రోజుకు గంట మించకూడదని పిల్లల వైద్యుల సంఘాలు చెబుతున్నాయి. నాకు ఆ గంట కంటే అన్నం దగ్గర ఫోన్ ఎక్కువ బెంగ. రోజుకు మూడుసార్లు తల్లీబిడ్డా ఎదురెదురుగా కూర్చునే సమయం అది, దాన్ని ఫోన్‌కు ఇచ్చేస్తున్నాం. మొదటి నాలుగైదు రోజులు ఏడుస్తాడు, కొద్దిగానే తింటాడు. ఆకలేస్తే మళ్లీ అడుగుతాడు లెండి.

ఆ సమయంలో ‘చెప్పు, చెప్పు, ఇదేంటి?’ అని పరీక్ష పెట్టకండి. మీరే మాట్లాడండి. వాడు ‘బస్సు’ అంటే మీరు ‘ఎర్ర బస్సు వచ్చింది’ అనండి. ‘పాలా? నీళ్లా?’ అని రెండూ చూపించి, మనసులో పది అంకెలు లెక్కపెట్టేదాకా ఆగండి. ఈ ఆగడమే కష్టం, ముఖ్యంగా తాతయ్యలకు. బిడ్డ చెయ్యి చాపకముందే గ్లాసు అందించేస్తారు!

ఈలోగా స్పీచ్ థెరపిస్ట్‌ను కూడా కలవండి. జిల్లా ఆస్పత్రిలో ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద నడిచే డీఈఐసీ (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం) ఎక్కడుందో అడగండి, అక్కడ ఉచితంగా చూస్తారు. హైదరాబాద్ రాగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడికీ మాటలకూ అక్కడ పరీక్షలు, థెరపీ రెండూ ఉంటాయి. వచ్చిన మాటలు పోతున్నా, పిలిస్తే చూడడం మానేస్తున్నా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

వెళ్లేటప్పుడు బాబు అనే మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు వాడికి తెలియకుండా రెండు మూడు నిమిషాల వీడియో తీసి చూపించండి. కొత్త చోట, తెల్ల కోటు ముందు చాలామంది పిల్లలు నోరే విప్పరు.