ప్రొద్దుటూరు కారు విషయమై మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

ప్రొద్దుటూరులో ఒక రిటైరైన మాస్టారి దగ్గర 2016 మోడల్ వ్యాగన్ ఆర్ చూశావనీ, 3 లక్షల 40 వేలు చెబుతున్నారనీ, ఆదివారంలోగా అడ్వాన్సు ఇవ్వకపోతే మరొకరికి ఇచ్చేస్తామంటున్నారనీ రాశావు. ముందు ఆ ఆదివారం సంగతి పక్కన పెట్టు. ఆ రెండో బేరగాడు నిజంగా ఉన్నా ఉండవచ్చు, కానీ అతని కోసం నీవు చూడవలసినవి చూడకుండా వదలకూడదు.

డీలరు దగ్గర కాక ఇంటివారి దగ్గర కొనడంలో పెద్ద లాభం ఒకటుంది. డీలరు పాలిష్ పట్టించిన బండిని చూపిస్తాడు, ఇంటివారి దగ్గర ఆ బండి ఇన్నేళ్లూ ఎక్కడ నిలబడిందో, ఎవరి చేతిలో తిరిగిందో చూడగలవు. కాబట్టి మధ్యాహ్నం వెళ్లకుండా పొద్దున్నే ఆరున్నరకల్లా వెళ్లు, నీవు వచ్చేవరకు బండి స్టార్ట్ చేయవద్దని ముందురోజే ఫోనులో మర్యాదగా చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే, చల్లని ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే చప్పుడూ పొగా నీకు కనబడకుండా చేశారని అనుమానించవలసి వస్తుంది. పొగ నీలంగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతున్నట్టు. చలికాలపు పొద్దుటి తెల్లటి ఆవిరి కాసేపటికి పోతుంది, పోకుండా వస్తూనే ఉంటే కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, ఇంజన్ లోపలికి దిగుతోందని అర్థం.

బండి రోజూ నిలబెట్టే చోటును కూడా చూడు. మన జిల్లాలో ఇంటి ముందు పరిచేవి నాపబండలే కదా, నల్లటి బండ మీద ఆయిల్ మరక కంటికి ఆనదు. నేనైతే కూర్చుని ఇంజన్ కింది భాగాన బండను బొటనవేలితో రాసి చూస్తాను. జిడ్డుగా తగిలితే ఎప్పటినుంచో కారుతున్నట్టే. మాస్టారు నవ్వితే నవ్వనీ.

కిలోమీటర్ల మీటరును నమ్మవద్దు, దానిని వెనక్కి తిప్పేవాళ్లకు ఏ ఊళ్లోనూ కొదవలేదు. సర్వీసు బిల్లులు అడుగు, వాటి మీద తేదీతో పాటు కిలోమీటర్లు కూడా వేసి ఉంటాయి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైన టైరని. మీటరు ముప్పై వేలు చూపిస్తూ టైర్లు ఒకసారి మారిపోయి, క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే ఆ ముప్పై వేలు ఎవరి లెక్కో అడగవలసిందే. సీటు బెల్టులను చివరిదాకా లాగి చూడు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడూ, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడూ నీళ్లలో నానిన బండ్లు ఎన్నో ఉన్నాయి. సీట్లు కడిగించినా బెల్టు లోపలి కొసన మట్టి చార మిగిలిపోతుంది.

నడిపి చూడడానికి వీధి చివరిదాకా వెళ్లి రావడం చాలదు. మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని, పెట్రోలు నీవే పోయించి, కడప మీదుగా రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగమని నా సలహా. ఏసీ వేసుకుని ఎక్కేటప్పుడు ఇంజన్ మోత పెరుగుతున్నా వేగం పెరగకపోతే క్లచ్ పని అయిపోయినట్టే. దిగేటప్పుడు బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతుందో లేదో గమనించు. పైన ఆగి అక్కడి పాలకోవా తింటారో లేదో మీ ఇష్టం, కానీ ఆ పది నిమిషాలూ ఇంజన్‌ను ఆపకుండా ఉంచి, రేడియేటర్ ఫ్యాను తిరగడం, ఆగడం సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకో. నాకో అరకిలో కోవా పంపిస్తే కాదనను.

ఇక కాగితాలు. ఇక్కడ నీకు నా కథ చెప్పక తప్పదు. చాలా ఏళ్ల క్రితం నా పాత కారును ఒకాయనకు అమ్మి, ఫారాల మీద సంతకాలు పెట్టి, డబ్బు లెక్కపెట్టుకుని, పేరు ఆయనే మార్చుకుంటాడులే అని ఊరుకున్నాను. ఆయన మార్చుకోకుండానే ఇంకొకరికి అమ్మాడు. మూడేళ్ల తర్వాత కోర్టు నుంచి నోటీసు వచ్చింది: ఆ కారు ఒక మోటారు సైకిలును గుద్దిందనీ, ఇన్సూరెన్సు లేదనీ, ఆర్సీలో నా పేరే ఉందనీ. వాయిదాలకు తిరిగి తిరిగి, చివరికి లోక్ అదాలత్‌లో రాజీపడి, కారు అమ్మి తీసుకున్న దానికంటే ఎక్కువే కట్టాను. ఆర్సీలో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు కూడా ఇటువంటి కేసులోనే చెప్పింది. అందుకే, "సంతకాలు పెట్టి ఇస్తాను, తీరిక దొరికినప్పుడు మార్చుకోండి" అనే మాట నీకు చేస్తున్న ఉపకారం కాదు, మాస్టారికీ క్షేమం కాదు. ఈ సంగతి ఆయనకూ చెప్పు.

ఆర్సీలోని పేరు, ఆయన ఆధార్‌లోని పేరు ఒకటే కావాలి. తమ్ముడి పేరనో, ఇంతకు ముందు అమ్మినవారి పేరనో ఉంటే ఆ మనిషే వచ్చి సంతకం చేయాలి. ఆ యజమాని కాలం చేసి ఉంటే వారసులు ఫారం 31తో ముందు తమ పేరుకు మార్చుకోవాలి, ఆ తర్వాతే నీతో బేరం. మామూలు పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30. ఆర్సీలో బ్యాంకు పేరు కనబడితే, అప్పు తీరినట్టు బ్యాంకు లేఖతో పాటు ఫారం 35 కావాలి. "అప్పు ఎప్పుడో తీరిపోయింది" అన్న నోటిమాట చాలదు. బండి ఏపీ 04 నంబరుదే అన్నావు కాబట్టి బెంగళూరు బండ్లకు వచ్చే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), లైఫ్ ట్యాక్సు తలనొప్పి నీకు లేదు. చాసిస్ నంబరును బండి మీద చూసి ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోల్చు, చలానాలు ఏమైనా మిగిలాయేమో నంబరు కొట్టి చూడు.

ఇన్సూరెన్సు విషయంలో చాలామంది పొరబడతారు. థర్డ్ పార్టీ భాగం, అంటే ఎదుటివారికి జరిగిన నష్టానికి ఇచ్చేది, బండితో పాటే నీకు వస్తుంది కానీ, నీ బండికి దెబ్బ తగిలితే వచ్చే భాగం పాలసీ నీ పేరుకు మారేవరకు వర్తించదు. పద్నాలుగు రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టుకో. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ మాస్టారిదే, నీకు రాదు.

డబ్బు దగ్గర నా పద్ధతి ఇది. అడ్వాన్సు ఐదు వేలకు మించకుండా ఇచ్చి, బండి నంబరు, ఒప్పుకున్న ధర, కాగితాలు సరిపోకపోతే వాపసు అన్న మాటతో రసీదు రాయించుకో. మిగిలినది బ్యాంకు ద్వారానే పంపు. 2 లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోకూడదని 2017 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది, జరిమానా పడేది పుచ్చుకున్నవారికే. ఒక ఇరవై వేలు మాత్రం కొత్త ఆర్సీ వచ్చేదాకా ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి దగ్గర ఉంచుదామని అడుగు. మాస్టారు ఒప్పుకోకపోయినా తప్పు పట్టను, కానీ అప్పుడు ఆర్టీఏ దరఖాస్తు ఇద్దరూ కలిసి పెట్టిన రోజే మిగతా డబ్బు ఇవ్వు. బండి చేతికి తీసుకునేటప్పుడు తేదీతో పాటు గంట కూడా రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఆ పొద్దున ఎవరికైనా చలానా పడితే ఎవరిదో తేలుతుంది.

రెండో తాళం చెవి అడగడం మరచిపోకు. శనివారం తొలి బస్సుకు నేనూ బయల్దేరుతాను, మన షెడ్డు మెకానిక్‌ను వెంటబెట్టుకు వస్తాను. అతని కూలి, టిఫిన్ నీవే చూసుకో.

ఇట్లు,
మీ మామ
కడప