బార్బడోస్‌లో ఎవరికి ఎంత ఇవ్వాలి: చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

ప్యాకేజీ లేదు, గైడు లేడు, హోటలూ విమానం టికెట్లూ అన్నీ నువ్వే వెతికి బుక్ చేశావని మీ అమ్మ ఫోన్లో ఒకటే గొప్పలు. నాకూ గర్వంగానే ఉంది. ఫోను పెట్టేశాక మాత్రం దిగులు పట్టుకుంది. సముద్రం గురించి కాదులే, ఈత వచ్చినదానివి. డల్లాస్‌లో మీకు బటన్ నొక్కితే కారొస్తుంది, దిగాక డబ్బూ టిప్పూ ఫోనే కట్టేస్తుంది. బార్బడోస్‌లో మీ ఊబర్ పనిచెయ్యదు. టాక్సీల్లో మీటరు ఉండదు. అడగడం, ఒప్పుకోవడం, లెక్కపెట్టి చేతిలో పెట్టడం, అన్నీ మీరే చేసుకోవాలి. ఇన్నేళ్ళు ట్రావెల్స్ నడిపి మనవాళ్ళని ఆ కరీబియన్ దీవులకి పంపినదాన్ని, వాళ్ళు ఎక్కడ తడబడతారో నాకు తెలుసు.

పాస్‌పోర్టు, మందులు, సన్‌స్క్రీన్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఏ డాలరు అన్న సంగతి. ఇది మాత్రం నిదానంగా చదువు, అల్లుడుగారికీ చదివి వినిపించు.

బార్బడోస్‌కి సొంత డాలరు ఉంది. 1975 నుంచీ ఒక అమెరికా డాలరుకి రెండు బార్బడోస్ డాలర్లు, మారలేదు. రెండిటికీ గుర్తు $ ఒకటే, రెండూ ఊరంతా చెల్లుతాయి. తిప్పలన్నీ అక్కడే. హోటలు వెబ్‌సైట్లో రాసే అంకె సాధారణంగా అమెరికా డాలర్లలో ఉంటుంది. వీధి చివరి హోటల్లో మెనూ మీద అంకె బార్బడోస్ డాలర్లలో ఉంటుంది. టాక్సీ అతను నోటితో "సిక్స్‌టీ" అంటాడు. ఏ అరవై?

అది వాళ్ళ అరవై అయితే మీకు ముప్ఫై. మనవాళ్ళు అలసిపోయి దిగి, మూడు అమెరికా ఇరవైలు తీసి ఇచ్చేస్తారు. పైన పది శాతం టిప్పు కూడా ఆ లెక్కలోనే ఇంకో ఆరు. 33తో పోయేదానికి 66 పోతుంది. తిరిగి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, కానీ ఇచ్చింది చూసి పెద్ద టిప్పనుకుని "థాంక్యూ" అని మనస్ఫూర్తిగా జేబులో పెట్టుకుంటే అతని తప్పేముంది? తల్లకిందులైతే ఇంకా ఇబ్బంది. అతను అమెరికా అరవై అని ఒప్పుకుని సగం రోజు దీవి తిప్పితే, చివర్న వీళ్ళు బార్బడోస్ అరవై ఇస్తారు. అతను అడుగుతాడు, వీళ్ళు మోసమంటారు, హోటలు గుమ్మం ముందు గొడవ. అతనికి రావలసిన దాంట్లో సగమే వచ్చిందన్న సంగతి గదిలోకి వెళ్ళాక తెలుస్తుంది.

అందుకని కారెక్కే ముందు మూడు ముక్కలు అడుగు. ఎంత? బేజన్ డాలర్లా, యూఎస్సా? మొత్తం కారుకా, మనిషికా? బేజన్ అంటే బార్బడోస్‌దని, అక్కడ అలాగే అంటారు. మూడో ప్రశ్న ఎందుకంటే, బార్బడోస్‌లో మామూలుగా కారుకే చెప్తారు గానీ కొన్ని దీవుల్లో మనిషికింత. యూఎస్ వర్జిన్ దీవుల్లో అదే పద్ధతి, సామాన్లకి కూడా విడిగా పడుతుంది. అడిగిన జవాబు ఫోన్లో రాసుకో. "సిక్స్‌టీ బేజన్, ఫర్ ది కార్" అని నువ్వే పైకి ఒకసారి అంటే ఇంకా మంచిది, ఇద్దరూ విన్నట్టవుతుంది.

ఏ డాలరుతో చెప్పారో అదే డాలరుతో ఇవ్వు. కలిపి ఇవ్వకు. అమెరికా యాభై ఇచ్చి చిల్లర అడిగితే వచ్చేది బార్బడోస్ డబ్బే, సరిగానే ఇచ్చారా లేదా అని నడిరోడ్డు మీద రెండుతో గుణించుకుంటూ నిలబడతావు. కార్డు మిషను "యూఎస్ డాలర్లలో కట్టనా?" అని అడిగితే వద్దను, వాళ్ళ డాలర్లే నొక్కు. ఆ మార్పిడి రేటు నీకు దాదాపు ఎప్పుడూ నష్టమే. ఒకవేళ సెయింట్ లూసియాకో గ్రెనడాకో, ఆ చుట్టుపక్కల దీవులకి ఒక పూట వెళ్తే ఈ ఒకటికి రెండు లెక్క మర్చిపో. అక్కడ ఈస్టర్న్ కరీబియన్ డాలరు, ఒక అమెరికా డాలరుకి 2.70.

వెళ్ళే ముందు మీ బ్యాంకులో ఒక డాలరు నోట్లు ముప్ఫై, అయిదు డాలర్ల నోట్లు పది తీసుకో. చిరుగులూ రాతలూ లేనివి ఏరుకో. వంద నోట్లు వద్దు. అమెరికా నాణేలు ఎవరికీ టిప్పుగా ఇవ్వకు. అక్కడి బ్యాంకులు నాణేలు మార్చవు, నీ క్వార్టర్లు తీసుకున్నవాళ్ళకి అవి బరువు తప్ప దేనికీ పనికిరావు. దిగిన రోజే ఏటీఎంలో రెండొందల బేజన్ తీసి, సూపర్ మార్కెట్లో నీళ్ళ సీసాలు కొని చిల్లర చేసుకో. రెండు నోటు నీలం, అయిదు ఆకుపచ్చ. అయిదు మీదున్నాయన వెస్టిండీస్ క్రికెటర్ ఫ్రాంక్ వారెల్, అల్లుడుగారికి చూపించు, క్రికెట్ పిచ్చి కదా. ఒక డాలరు నాణెం ఏడు పలకలుగా ఉంటుంది, దాని మీద ఎగిరే చేప.

ఇక ఎవరికి ఎంత.

గ్రాంట్లీ ఆడమ్స్ విమానాశ్రయంలో సామాను మోసేవాళ్ళని రెడ్‌క్యాప్‌లంటారు. పెట్టెకి ఒక అమెరికా డాలరు లేదా రెండు బేజన్, బరువైతే ఇంకొంచెం. బెజవాడ స్టేషన్లో ఎర్రచొక్కా కూలీతో మీ అమ్మ రెండ్రూపాయల దగ్గర బేరమాడుతుంటే, మూతి ముడుచుకుని బండిలోకి ఎక్కనని మొరాయించినదానివి నువ్వు. ఇవ్వడానికి నీకు చెయ్యి రాదని కాదు నా భయం, అల్లుడుగారి గురించి. ఆయనకి బేరం అలవాటు. టాక్సీ చార్జీలకి అక్కడ నిర్ణయించిన రేట్లున్నాయి, విమానాశ్రయంలో అడిగితే పట్టిక చూపిస్తారు. దాని మీద బేరం పరువు తక్కువ. రోజంతా కారు మాట్లాడుకుంటే మాత్రం ముందు బేరమాడొచ్చు. తిరిగొచ్చాక ఒప్పుకున్నదాంట్లో ఒక్క డాలరు తగ్గించినా ఊరుకోనని నా మాటగా చెప్పు.

టాక్సీకి పది శాతం. చిన్న దూరమైతే పై అంకెకి సర్దెయ్, 27 అయితే 30. సామాను ఎత్తి పెట్టినా, అర్ధరాత్రి వచ్చినా కొంచెం ఎక్కువ. అసలైన టాక్సీ నంబరు ప్లేటు మీద మొదటి అక్షరం జెడ్. జెడ్ఆర్ అని ఉంటే అది జనాన్ని ఎక్కించుకునే వ్యాను, బి అంటే పసుపు మినీ బస్సు, హెచ్ అంటే అద్దెకిచ్చే కారు. చీకటి పడ్డాక హెచ్ ప్లేటు కారు పక్కన ఆపి "టాక్సీ?" అంటే ఎక్కొద్దు. వ్యానుకీ బస్సుకీ 3.50 బేజన్, టిప్పు లేదు. ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగివ్వరు, సరిగ్గా లెక్కపెట్టి వెయ్యి.

మంచి డ్రైవరు దొరికితే వదలకు. వాట్సాప్ నంబరు తీసుకుని, శుక్రవారం ఓయిస్టిన్స్‌లో చేపల సంతకి వెళ్ళినప్పుడు తిరుగు ప్రయాణానికి ముందే మాట్లాడుకో. ఆ రాత్రి అందరూ ఒకేసారి లేస్తారు, కారు దొరకడం కష్టం. నువ్వు అక్కడ ఒంటరిగా రోడ్డు మీద నిలబడ్డావన్న ఊహే నాకు పడదు. అతను ఎంతసేపు ఆగాలి, ఆగినందుకు ఎంత అన్నదీ ముందే తేల్చుకో. ఆ కొట్లలో సర్వీస్ చార్జి వెయ్యకపోతే ఒకటి రెండు నాణేలు డబ్బాలో వెయ్యి చాలు. నువ్వు చేప తినవు కాబట్టి మెకరోని పై, బ్రెడ్‌ఫ్రూట్ అడుగు.

బాత్‌షెబా తీరం, హారిసన్స్ కేవ్ గుహ చూడ్డానికి రోజంతా కారు పెట్టుకుంటే పది నుంచి పదిహేను శాతం. మధ్యాహ్నం మీరు తినడానికి కూర్చునే ముందు డ్రైవర్ని భోంచేశావా అని అడగండి. అది టిప్పు లెక్కలోకి రాదు.

రెస్టారెంట్లో బిల్లు కింది నుంచి చదువు. వ్యాట్ 17.5 శాతం ప్రభుత్వానికి, వడ్డించినవాళ్ళకి అందులో ఏమీ రాదు. సర్వీస్ చార్జి అని వేరే వరస ఉంటుంది, ఎక్కువచోట్ల పది శాతం. అది ఉంటే టిప్పు అయిపోయినట్టే, బాగా చూసుకుంటే ఇంకో అయిదు శాతం నగదుగా ఆ అమ్మాయి చేతికే ఇవ్వు. లేకపోతే పది నుంచి పదిహేను. కార్డు మిషను టిప్పు ఎంత అని మళ్ళీ అడుగుతుంది, సర్వీస్ చార్జి అప్పటికే పడిందని దానికి పట్టదు. చాలామంది అక్కడే రెండుసార్లు కట్టేది. రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మాత్రం మానెయ్. అలా అయితే మంచినీళ్ళు కూడా తాగలేవు.

గది శుభ్రం చేసేవాళ్ళకి రాత్రికి రెండు మూడు అమెరికా డాలర్లు, ఏ రోజుది ఆ రోజే. ఆఖరి రోజు మొత్తం పెడదామనుకుంటే, అప్పటికి మనిషి మారిపోతుంది, వారమంతా మీ ఇసక ఊడ్చిన మనిషికి దక్కదు. చిన్న కాగితం మీద హౌస్‌కీపింగ్‌కి అని రాసి దాని కింద పెట్టు. ఊరికే బల్ల మీద వదిలేస్తే మీరు మరిచిపోయారేమోనని ముట్టుకోరు.

తిండీ తాగుడూ గది అద్దెలోనే కలిపేసే ఆల్ ఇన్‌క్లూజివ్ హోటళ్ళు కొన్నిట్లో టిప్పు తీసుకోకూడదని సిబ్బందికి నియమం ఉంటుంది. నీ హోటల్లో ఎలాగో చేరిన రోజే కౌంటర్లో అడుగు. వద్దంటే బలవంతంగా జేబులో కుక్కకు, ఉద్యోగం మీదకి తెస్తావు. పేరు గుర్తుపెట్టుకుని మేనేజరుకి రెండు వాక్యాలు రాసివ్వు. విమానాశ్రయం టాక్సీకి మాత్రం ఆ హోటలు నియమం వర్తించదు.

తాబేళ్ళ దగ్గరికి తీసుకెళ్ళే కేటమరాన్ (జంట పడవ) మీద మనిషికి అయిదు నుంచి పది అమెరికా డాలర్లు, దిగేటప్పుడు వాళ్ళు పెట్టిన డబ్బాలో. డబ్బు తడవకుండా జిప్ కవర్లో పెట్టుకో, తడి నోట్లు చేతిలో పెట్టకు.

డబ్బు కంటే ముందు ఒక మాట. అక్కడ కొట్లోకి వెళ్ళినా, వ్యానెక్కినా ముందు "గుడ్ మార్నింగ్" అనాలి, తర్వాతే పని. నువ్వు ఫోను చూస్తూ "హౌ మచ్" అని మొదలుపెట్టావంటే, చివర్న ఇరవై ఇచ్చినా వాళ్ళకి నువ్వు మర్యాద తెలియని పిల్లవే. వాన పడితే ఎర్ర గీత పెయింటు వేసిన చెట్టు కింద నిలబడొద్దు, మాంచినీల్ అంటారు, దాని మీంచి కారే నీళ్ళకి ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. ఈత వచ్చినంత మాత్రాన అది వదలదు.

చివరి రోజుకి టాక్సీ చార్జీ, టిప్పు, రెడ్‌క్యాప్ డబ్బులు ఒక కవర్లో ముందే పక్కన పెట్టెయ్. మిగతా బేజన్ డబ్బు అక్కడే ఖర్చు పెట్టు, డల్లాస్‌లో మార్చుకోవడం కష్టం.

ప్రేమతో,
పెద్దమ్మ

మరో మాట: మొన్న పంపిన ఫొటోలో అల్లుడుగారు వేసుకున్న మిలిటరీ మచ్చల నిక్కరు ఇంట్లోనే వదిలిపెట్టమను. బార్బడోస్‌లో అలాంటి బట్టలు మామూలు జనం వేసుకోవడం నేరం, చిన్నపిల్లలకైనా అంతే.