లైసెన్స్ సస్పెండ్ అయింది, ఆఫీసుకు కారు కావాలి: ఇన్సూరెన్స్‌లో ఏది తగ్గించుకోవచ్చు?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నేను హెచ్-1బీ మీద పనిచేస్తున్నాను. పార్టీ నుంచి వస్తుంటే డీడబ్ల్యూఐ (తాగి బండి నడిపిన) కేసు పడింది, బ్రెత్ టెస్ట్‌లో పరిమితి దాటింది. ఇదే మొదటిసారి. లైసెన్స్ సస్పెన్షన్ మీద హియరింగ్ అడిగే 15 రోజుల గడువు తెలియక వదిలేశాను. వచ్చే వారం నుంచి 90 రోజులు లైసెన్స్ ఉండదు. ఆఫీసు లాస్ కొలినాస్‌లో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. కోర్టు ద్వారా ఆక్యుపేషనల్ లైసెన్స్ (సస్పెన్షన్‌లో ఉన్నా అవసరమైన పనులకు షరతులతో నడపనిచ్చేది) ఇప్పించడానికి లాయర్ మొత్తం 1,200 డాలర్లు అడుగుతున్నారు. ఎస్‌ఆర్-22 కూడా కావాలట. రెండు కార్లకు ఆరు నెలలకు 1,150 కడుతున్నాం. ఇకపై 2,480 అవుతుందట, లయబిలిటీ (అవతలివాళ్ల నష్టానికి ఇచ్చేది) ఒక్కటే ఉంచితే 1,310. టెస్లాకు లోన్ ఉంది, కరోలాకు లేదు. కార్లు నా భార్య పేరుకు మార్చి, పాలసీ నుంచి నన్ను తప్పిస్తే చాలని ఫ్రెండ్స్ అంటున్నారు. డిసెంబరులో ఇండియా వెళ్తాం, ఆ ఆరు వారాలు ఇన్సూరెన్స్ ఆపేయవచ్చా?

జవాబు: మీ ఫ్రెండ్స్ సలహా అన్నిటికంటే ఖరీదైనది. కారు ఎవరి పేరున ఉన్నా, ఇంట్లో లైసెన్స్ ఉన్నవాళ్లందరి వివరాలూ కంపెనీ అడుగుతుంది. దాచారని తర్వాత తేలితే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. పేరు రాసి మరీ మిమ్మల్ని తప్పించారనుకోండి, మీరు స్టీరింగ్ పట్టుకున్న రోజు ఆ పాలసీ మీకు లేనట్టే. ప్రమాదం జరిగితే అవతలివాళ్లకు ఇచ్చుకోవాల్సింది మీ సేవింగ్స్ నుంచే. పైగా ఎస్‌ఆర్-22 మీ పేరున ఉండాలి. అది వేరే ఇన్సూరెన్స్ కాదు, మీకు కవరేజీ ఉందని కంపెనీ డీపీఎస్‌కు (టెక్సాస్‌లో లైసెన్సులిచ్చే శాఖకు) పంపే పత్రం. కారు లేనివాళ్ల కోసం నాన్-ఓనర్ పాలసీలు ఉంటాయి, చవకే. కానీ ఇంట్లో రోజూ అందుబాటులో ఉండే కారుకు సాధారణంగా అవి వర్తించవు. మీ ఇంట్లో రెండు కార్లున్నాయి కాబట్టి ఆ దారీ మూసుకున్నట్టే.

ఇప్పుడు లెక్క. 1,150 నుంచి 2,480కి పెరిగిన 1,330 డాలర్లను మీరు ఆక్యుపేషనల్ లైసెన్స్ ఖాతాలో వేసుకున్నట్టున్నారు. అది తప్పు. మీ రికార్డులోకి ఈ వ్యవహారం ఎక్కినందుకు ఆ పెంపు ఎలాగూ వస్తుంది. ఈ లైసెన్స్ వల్ల అదనంగా అయ్యేది లాయర్ ఫీజు, డీపీఎస్‌కు 10 డాలర్లు, ఎస్‌ఆర్-22 ఫైలింగ్‌కు కంపెనీ తీసుకునే చిన్న ఫీజు. 1,250 అనుకోండి. 90 రోజులంటే దాదాపు 13 వారాలు, 39 ఆఫీసు రోజులు. ఫ్రిస్కో డాలస్ రైలు, బస్సుల సంస్థ డార్ట్‌లో లేదు కాబట్టి ఇంటి దగ్గర రైలెక్కే వీలు లేదు. ఊబర్‌కు రానుపోను 80 డాలర్లు వేసుకున్నా 3,120. ఊబర్‌తో పోలిస్తే లాయరే నయం.

ఇంకో దారి ఉంది, మీరు రాయలేదు: కొలీగ్‌తో కలిసి వెళ్లడం. ఫ్రిస్కో నుంచి లాస్ కొలినాస్‌కు మనవాళ్లు ఎంతమంది వెళ్తారో మీకు నేను చెప్పాలా? గ్యాస్, టోల్ మీరు పెట్టుకుంటే సరిపోతుంది. నలుగురికీ తెలుస్తుందన్న భయం అర్థమవుతుంది, కానీ ఆ భయం ఖరీదు 1,200 డాలర్లు. 90 రోజులు స్టీరింగ్ ముట్టకుండా ఉండగలిగితే, ఈ సస్పెన్షన్‌కు సంబంధించినంత వరకు 125 డాలర్ల ఫీజు కట్టి లైసెన్స్ తిరిగి తెచ్చుకోవచ్చు. ఉండగలిగితే అని ఎందుకన్నానంటే, పిల్లాడికి జ్వరమొచ్చి మందుల షాపుకు ‘ఒక్కసారే కదా’ అని వెళ్లేవాళ్లే దొరికిపోతుంటారు. అప్పుడు పాత కేసు మీద కొత్త కేసు. మీకు అలాంటి టెన్షన్ ఉంటే లైసెన్స్ తీసేసుకోండి.

తీసుకుంటే పిటిషన్‌లో ఆఫీసు ఒక్కటే రాయించకండి. ఇంటి అవసరాలనూ చట్టం ఒప్పుకుంటుంది. మామూలుగా రోజుకు 4 గంటలు ఇస్తారు, అవసరం చూపిస్తే 12 గంటల వరకు ఇవ్వవచ్చు. కారులో ఇంటర్‌లాక్ పరికరం (ఊది, తాగలేదని తేలితేనే కారు స్టార్టయ్యేలా చేసేది) పెట్టించుకుని ఆ కారే నడిపేలా కోర్టు ఉత్తర్వు ఇస్తే, వేళలు, దారుల షరతులు ఉండవు. దానికి నెలనెలా అద్దె ఉంటుంది, లాయర్‌తో మాట్లాడి పోల్చుకోండి. కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ ఎప్పుడూ కారులో ఉండాలి. డీపీఎస్ నుంచి కార్డు వచ్చేలోపు 45 రోజుల వరకు అదే మీ లైసెన్స్. అనుమతించిన వేళ దాటి నడిపితే అది క్రిమినల్ నేరమే, ఆ లైసెన్సూ పోతుంది.

ప్రీమియం సంగతి. లయబిలిటీ ఒక్కటే ఉంచి 1,170 మిగుల్చుకుందామంటే టెస్లా లోన్ ఒప్పుకోదు. మీరు తీసేస్తే బ్యాంకే తన పాలసీ వేసి బిల్లు మీకు పంపుతుంది. అది ఖరీదెక్కువ, కాపాడేది బ్యాంకునే. కరోలా మీద మాత్రం కొలిజన్ (ఢీకొంటే మీ కారు నష్టానికి ఇచ్చేది) తీసేయవచ్చు, ఆ కారు పోతే ఇంకొకటి కొనుక్కునే డబ్బు చేతిలో ఉంటేనే. టెస్లాకు డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందు మీరు పెట్టుకోవాల్సిన మొత్తం) 500 ఉంటే 1,000 చేయండి. ఇకపై ఆఫీసుకు మీరు నిజంగానే కరోలాలో వెళ్లండి, టెస్లా మీ భార్య నడపనివ్వండి. ఎవరు ఏది నడుపుతారో అలాగే రాసి ఏజెంట్‌ను మళ్లీ కోట్ అడగండి. లయబిలిటీ పరిమితి మాత్రం తగ్గించకండి. టెక్సాస్ కనీసం 30/60/25, అంటే వేల డాలర్లలో గాయాలకు ఒక్కరికి 30, ప్రమాదం మొత్తానికి 60, అవతలి కారు నష్టానికి 25,000 డాలర్లే. మీ ఆఫీసు పార్కింగ్‌లో అంతకంటే ఖరీదైన కార్లే ఎక్కువ. 100/300/100 ఉంచండి. మీ కంపెనీ వద్దంటే ఇంకో నాలుగు చోట్ల అడగండి. అందరూ కాదంటే చివరి దారి టైపా అనే సంస్థ. కనీసం రెండు కంపెనీలు తిరస్కరించినవాళ్లకు ఏజెంట్ ద్వారా పాలసీ ఇప్పిస్తుంది, కాకపోతే కొలిజన్ ఉండదు.

ఇండియా వెళ్లేటప్పుడు ఇన్సూరెన్స్ ఆపడం మనవాళ్లకు అలవాటే. మీరు మాత్రం ఆ పని చేయకండి. ఎస్‌ఆర్-22 ఉన్నప్పుడు పాలసీ ఆగితే వెంటనే కంపెనీ డీపీఎస్‌కు తెలియజేస్తుంది, లైసెన్స్ మళ్లీ సస్పెండ్ అవుతుంది. కేసులో శిక్ష పడితే ఎస్‌ఆర్-22 ఆ తేదీ నుంచి రెండేళ్లు ఉండాలి. నెలవారీ ఆటోపే ఒకసారి ఫెయిలైనా చిక్కే కాబట్టి, వీలైతే ఆరు నెలలదీ ఒకేసారి కట్టేయండి. కంపెనీ మారాలనుకుంటే కొత్త కంపెనీ ఎస్‌ఆర్-22 ఫైల్ చేశాకే పాతది రద్దు చేయండి.

మిగిలిన నగదును కదపకండి. మొదటిసారి డీడబ్ల్యూఐలో తుది శిక్ష పడితే, కోర్టు జరిమానాతో పాటు 3,000 డాలర్ల స్టేట్ ఫైన్ ఉంటుంది. రీడింగ్ 0.15 లేదా పైన ఉంటే 6,000. ఇక డిసెంబరు టికెట్లు ఇప్పుడే కొనకండి. డీడబ్ల్యూఐ అరెస్టు ఉంటే శిక్ష పడకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా స్టాంప్‌ను రద్దు చేయవచ్చు. ఇక్కడున్నంతకాలం మీ హెచ్-1బీ స్టేటస్‌కు దానివల్ల సాధారణంగా నష్టం ఉండదు. బయటికెళ్తే మాత్రం కొత్త స్టాంపింగ్, దానికి ముందు కాన్సులేట్ డాక్టర్ దగ్గర మెడికల్ పరీక్ష అవసరం కావచ్చు. అది ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ మాట ఇవ్వలేరు. అక్కడ చిక్కుకుంటే ఇక్కడ ఇంటి అద్దె, కారు లోన్, ఈ ఇన్సూరెన్స్ నడుస్తూనే ఉంటాయి. క్రిమినల్ లాయర్ కాకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ను విడిగా కలవండి. ఆయన సరేనన్నాక, రీఫండ్ వచ్చే టికెట్లే తీసుకోండి.