డిస్క్ ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా: చేయించుకున్నవాడిగా నా మాట

ఎల్5-ఎస్1 (నడుం ఆఖరి పూసకీ దాని కింది ఎముకకీ మధ్య) దగ్గర డిస్క్, అంటే పూసల మధ్య ఉండే మెత్తటి దిండు, జారి ఎడమ కాలు రెండు నెలలుగా లాగుతోందని, డాక్టర్ ఆపరేషన్ అంటుంటే ఇంట్లో అందరూ వద్దంటున్నారని రాశారు. చేయించుకుంటే మళ్లీ మామూలు మనిషిని అవుతానా అని మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాను, రాజమండ్రిలో బట్టల కొట్టు నడుపుకునేవాణ్ణి. 2019లో దానికి ఒక మెట్టు పైనున్న ఎల్4-ఎల్5కి మైక్రోడిసెక్టమీ (చిన్న కోతతో జారిన డిస్క్ ముక్క తీసేసే ఆపరేషన్) చేయించుకున్నాను. పేషెంటుగా నాకు తెలిసింది చెప్తాను.

అన్నిటికంటే ముందు ఒకటి. మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం లేదా ఆగిపోవడం, మల విసర్జన మీద పట్టు తప్పడం, మర్మాంగాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, వీటిలో ఏది మొదలైనా ఇక ఆలోచించేది ఏమీ లేదు. అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి వెళ్లాలి. అది కాకపోతే, కాలి బలం కూడా తగ్గకుండా ఉంటే, మీకు టైమ్ ఉంది. టెన్షన్ పడకుండా నిర్ణయం తీసుకోవచ్చు.

ఇప్పుడు తేల్చుకోవాల్సింది, మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది కాలా, నడుమా అని. ఈ ఆపరేషన్ ప్రధానంగా కాలి కోసం. జారిన డిస్క్ ముక్క నరాన్ని నొక్కుతుంటే దాన్ని తీసేస్తారు, పిరుదు నుంచి పాదం దాకా లాగే నొప్పి తగ్గుతుంది. నడుం నొప్పి సంగతి వేరు. అది అరిగిన డిస్క్ నుంచి రావచ్చు, కీళ్ల నుంచి రావచ్చు, కండరాల నుంచి రావచ్చు. ఎక్కడి నుంచి వస్తోందో స్కాన్ చూసి కచ్చితంగా చెప్పడం డాక్టర్లకీ కష్టమే. మా పిన్నిగారికి కాలినొప్పి లేదు, ఉన్నదల్లా నడుం నొప్పే. స్క్రూలు, రాడ్లు వేసి ఫ్యూజన్ (పూసల్ని ఒకదానికొకటి అతికించడం) చేశారు. ఎముక బాగానే అతుక్కుంది, ఎక్స్‌రే చక్కగా ఉంది, ఆవిడ మాత్రం ఇప్పటికీ నడుం పట్టుకునే లేస్తారు. ఫ్యూజన్ ఎవరికీ పనికిరాదని కాదు. పూస పక్కకి జరిగినవాళ్లకి, వెన్ను నిలకడ తప్పినవాళ్లకి దాని అవసరం ఉంటుంది.

నా విషయానికొస్తే, మా కొట్లో పాత పద్ధతి. పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పై అరల్లోంచి తానులు దించి, మళ్లీ మడతపెట్టి సర్దాలి. కుడి కాలు లాగడం మొదలయ్యాక చాలా వారాలు మందులతోనే నెట్టుకొచ్చాను. నరాల నొప్పికిచ్చే ప్రెగాబాలిన్ వేసుకుంటే మధ్యాహ్నం బట్ట కొలుస్తుంటే మత్తుగా తూగేవాణ్ణి. నరం దగ్గర ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్నాళ్లు హాయిగా ఉంచింది, ఆ తర్వాత మామూలే. అప్పటికీ ఆపరేషన్ మాట ఎత్తితే వద్దనే అన్నాను.

ఆ మాట మార్చింది ఒక హవాయి చెప్పు. కొట్టు కట్టేసి ఇంటికి నడుస్తుంటే కుడికాలి చెప్పు ఊడిపోయింది, నాకు తెలియనే లేదు. వెనకాల వస్తున్న కుర్రాడు తెచ్చి ఇచ్చాడు. మర్నాడు డాక్టర్ రెండు కాళ్ల బొటనవేళ్లూ పైకెత్తి గట్టిగా పట్టుకోమని, తన ఒక్క వేలితో కిందకి నొక్కారు. ఎడమది కదల్లేదు. కుడిది అలా వంగిపోయింది. నొప్పికైతే ఆగొచ్చు గానీ బలం తగ్గుతుంటే ఆగడం మంచిది కాదన్నారు. ఇంకేం అడగలేదు నేను.

మీది ఎల్5-ఎస్1 కాబట్టి సాధారణంగా దెబ్బతినేది మడమ పైకెత్తే బలాన్నిచ్చే ఎస్1 నరం, అందుకే మీ పరీక్ష వేరు. గోడ పట్టుకుని ఎడమ కాలి మునివేళ్ల మీద ఒంటికాలితో పదిసార్లు లేచి చూడండి. కుడికాలితో తేలిగ్గా లేస్తూ, ఎడమతో మడమ నేల వదలకపోతే ఆ సంగతి వెంటనే డాక్టర్‌కి చెప్పండి. రెండూ సమానంగా ఉండి, నొప్పి కొద్దికొద్దిగానైనా తగ్గుతుంటే ఆగే హక్కు మీకుంది.

ఆగితే ఏమవుతుందో మా బావమరిదిని చూశాను. కడియపులంకలో నర్సరీ వాడిది, పొద్దస్తమానం కుండీలు మోయడమే పని. మీలాగే ఎల్5-ఎస్1, స్కాన్‌లో నాకంటే పెద్ద ముక్క, కానీ బలం ఎక్కడా తగ్గలేదు. బరువులు పూర్తిగా మానేసి, నడక, ఫిజియోథెరపీతో మూడు నాలుగు నెలల్లో కోలుకున్నాడు. డిస్క్ నుంచి విడిపోయిన ముక్కని ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుందట. చిన్న ఉబ్బు కన్నా ఇలా బయటపడ్డ పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయని చెప్తే మొదట నేనూ నమ్మలేదు.

దీని మీద నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనం ఒకటుంది, 2007లో వచ్చింది. కాలినొప్పి మొదలై 6 నుంచి 12 వారాలైన 283 మందిని రెండు గుంపులు చేశారు. ఒకరికి త్వరగా ఆపరేషన్, ఇంకొకరికి మందులు పెట్టి ఆగి చూడటం. ఆగిన గుంపులో 39 శాతం మందికి చివరికి ఆపరేషన్ చేయాల్సే వచ్చింది. ఏడాది తిరిగేసరికి మాత్రం రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. తేడా వచ్చింది వేగంలో. ఆపరేషన్ గుంపులో సగం మంది 4 వారాల్లో కోలుకుంటే, రెండో గుంపుకి అందుకు 12 వారాలు పట్టింది. అంటే బలం తగ్గనంత వరకూ మీరు ఆపరేషన్‌తో కొనుక్కునేది ప్రధానంగా టైమే. ఉద్యోగం పోయేలా ఉంటే, రాత్రిళ్లు నిద్రే లేకపోతే ఆ టైమ్‌కి విలువ ఎక్కువ. అలాగని ఏడాది పైగా నాన్చడం కూడా మంచిది కాదు. నరం ఎక్కువ కాలం నలిగితే తర్వాత ఆపరేషన్ చేసినా ఫలితం కాస్త తగ్గొచ్చు.

ఎమ్మారై రిపోర్టు చదివి బెంబేలెత్తకండి. నడుం నొప్పి అనేదే లేని 40 ఏళ్ల వాళ్లని స్కాన్ చేసినా సగం మందిలో డిస్క్ బల్జ్ (డిస్క్ ఉబ్బడం) కనిపిస్తుందని 2015లో పాత అధ్యయనాలన్నీ కూర్చి లెక్కతేల్చారు. రిపోర్టులో రాసిన చోటూ, మీ కాలు లాగే చోటూ సరిపోలాలి. సరిపోలకపోతే ఆపరేషన్ ఎందుకో గట్టిగా అడగండి.

రెండో డాక్టర్‌ని తప్పకుండా కలవండి. నాకు మొదట చూసిన చోట స్క్రూలు వేయాలన్నారు. ఇంకో ఊళ్లో సర్జన్ అదే స్కాన్ చూసి, పూసలు నిలకడగా ఉన్నాయి, ముక్క తీస్తే చాలన్నారు. ఆయన దగ్గరే చేయించుకున్నాను. మీరూ "ముక్క మాత్రమే తీస్తారా, స్క్రూలు కూడానా, అయితే ఎందుకు?" అని సూటిగా అడగండి. విసుక్కునే డాక్టర్ అయితే ఆయన దగ్గర చేయించుకోకపోవడమే మేలు.

ఇక ఫలితం. మత్తు దిగేసరికి కాల్లో ఆ కరెంటు షాక్ కొట్టినట్టు లాగడం లేదు. కోత దగ్గర మంట ఉంది, అది భరించగలిగిందే. మర్నాడు లేపి నడిపించారు. ఆరు వారాలు వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నారు. అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను, కానీ సాధారణంగా మొదట పోయేది నొప్పి, తర్వాత మెల్లగా వచ్చేది బలం, అన్నిటికంటే ఆలస్యంగా తగ్గేది, ఒక్కోసారి తగ్గకుండా ఉండిపోయేది మొద్దుబారడం. నా బొటనవేలికి బలం నెలల మీద తిరిగొచ్చింది. దానికీ పక్క వేలికీ మధ్య గిల్లితే ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎక్కువసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది. కొట్లో కుర్చీ వేయించాను. ఇదివరకటిలాగా బేళ్లు ఎత్తడం లేదు, ఎత్తను కూడా. మామూలు మనిషి అంటే మీ లెక్కలో ఇది చాలా అన్నది మీరే చూసుకోవాలి.

మళ్లీ అదే చోట జారే అవకాశం కూడా ఉంది, వందలో 5 నుంచి 15 మందికి అలా అవుతుందంటారు. తీసేది బయటికొచ్చిన ముక్కని, డిస్క్ మొత్తాన్ని కాదు కదా.

ఇంట్లోవాళ్ల భయం "వెన్నుపూస ఆపరేషన్ అంటే మంచాన పడతారు" అనేనా? మా అమ్మదీ అదే. వెన్నుపాము సాధారణంగా ఎల్1-ఎల్2 (నడుం మొదటి రెండు పూసలు) దగ్గరే ముగిసిపోతుంది, మీ డిస్క్ దానికి బాగా కింద ఉంది, అక్కడ ఉండేవి విడివిడి నరాలు. ఇన్‌ఫెక్షన్, నరాల పై పొర చిరగడం లాంటి రిస్కులు ఉన్నాయి, నరం దెబ్బతినడం కూడా అరుదుగా జరుగుతుంది. కానీ రెండు కాళ్లూ పడిపోవడం చాలా చాలా అరుదు. ఈ సంగతి డాక్టర్ చేతే చెప్పించండి, మీ మాటకంటే ఆయన మాట వింటారు.

సంతకం పెట్టే ముందు ఇన్సూరెన్స్ పాలసీ తీసి చూడండి. చాలా పాలసీల్లో డిస్క్ జబ్బులకి రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కాలం) ఉంటుంది, అడ్మిట్ అయ్యాక తెలిస్తే చేతి డబ్బే పెట్టుకోవాలి.