అడవిలో వయ్యారిభామ, లాంటానా తీసే పని నవంబరులో మొదలుపెట్టవచ్చా?

మీ ఊరి పక్కనున్న రక్షిత అడవిలో పదిహేను మంది కలిసి ఆదివారాలు వయ్యారిభామ (పార్థీనియం), లాంటానా అనే కలుపు మొక్కలను తీయాలనుకుంటున్నామనీ, చల్లగా ఉంటుంది కనుక నవంబరులో మొదలుపెట్టవచ్చా అనీ అడిగారు. లాంటానాకు ఆ నెల మంచిదే. వయ్యారిభామకు మాత్రం అంతవరకు ఆగవద్దని నా మనవి. హైదరాబాద్ శివారులోని ఒక అడవిలో ఏడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మొదటి ఏడాది మేమూ చలికాలం దాకా ఆగి నష్టపోయాం.

ఆ నవంబరులో నడుమెత్తు పెరిగి తెల్లగా పూసిన వయ్యారిభామను పీకి, మోపులు కట్టి, కాలిబాట వెంట గేటు దాకా ఈడ్చుకొచ్చాం. మరుసటి మృగశిర కార్తెలో వానలు పడగానే, మోపులు ఈడ్చిన దారి పొడవునా, గీత గీసినట్టు, క్యారెట్ ఆకును పోలిన మొలకలు లేచాయి. అంతకు ముందు ఆ బాట మీద ఒక్క మొక్క కూడా లేదు. బాగా ఎదిగిన వయ్యారిభామ ఒక్కటే 10,000కు పైగా గింజలు రాల్చగలదు. ఆ గింజలను మా చేతులతో మేమే చల్లి వచ్చామన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

అందుచేత ఇప్పుడు మా పని జూన్ చివర మొదలవుతుంది. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో ఈ మొక్క పూతకు వస్తుంది గనుక, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో, ఆకులు ఇంకా నేలకు పరుచుకుని ఉన్నప్పుడే, తడి నేలలోంచి వేరుతో సహా లాగేయాలి. బురదకూ దోమలకూ జడిసి మనుషులు తక్కువగా వస్తారు, అయినా ఉన్నవాళ్లతోనే సాగించండి. వాన కురిసినప్పుడల్లా కొత్త మొలకలు వస్తాయి కాబట్టి అదే చోటికి పదిహేను రోజులకోసారి తిరిగి వెళ్లాలి. చేతి తొడుగులు తప్పనిసరి, ఒక్క ఉదయం అవి లేకుండా పనిచేసినందుకు నా ముంజేతుల మీది దద్దుర్లు వారం దాకా తగ్గలేదు. ఆగస్టులో ఆకుల మీద గోధుమరంగు చారల చిన్న పెంకుపురుగులు కనిపిస్తే వాటిని చంపకండి. ఈ కలుపును తినడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన జాతి అది. అవి దట్టంగా ఉన్న చోటును వదిలి మేము పక్కకు జరుగుతాం.

వానాకాలంలో పిట్టలు లాంటానా పొదల్లో గూళ్లు కడతాయి, నెమళ్లు పొదల కింద గుడ్లు పెడతాయి. అందుకే దాన్ని అక్టోబరు నుంచి సంక్రాంతి లోపు, నేలలో పదును ఆరకముందే, గూళ్లు లేవని చూసుకుని తీస్తాం. నేల మట్టానికి నరికితే మోడు చుట్టూ మళ్లీ పిలకలు వేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ప్రకారం, మొదలు చుట్టూ గడ్డపారతో తవ్వి, రెండు అంగుళాల లోతున తల్లివేరును తెగ్గొట్టి, వేరు మళ్లీ మట్టిని తాకకుండా పొదను తలకిందులుగా బోర్లించి ఎండనివ్వాలి. దాని పండ్లు తిన్న పిట్టలు చెట్ల కింద గింజలు వేస్తాయి కాబట్టి, మరుసటి వానల్లో ఆ నీడల్లోనే మొలకలు వెతకండి.

వేసవిలో నేలకు గడ్డపార దిగదు. అటవీ శాఖ అనుమతి పనులు అప్పుడే చూసుకోండి. అభయారణ్యమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతపూర్వక అనుమతి లేకుండా మొక్కలు తొలగించకూడదు. ఏప్రిల్‌లోనే దరఖాస్తు పెట్టుకుంటే, తొలకరి నాటికి కాగితం మీ చేతిలో ఉండే అవకాశం ఎక్కువ.